ఎవరూ నొక్కని మూడో బటన్

ఫర్హీన్‌కు కోపం ముక్కు మీద ఉంటుందని మాదన్నపేటలో వాళ్ళ గల్లీకంతా తెలుసు. ముక్కు మీద ఉంటే ఎవరికీ నష్టం లేదు. అది అప్పుడప్పుడు వేళ్ళలోకి దిగుతుంది. ఆ వేళ్ళ కింద ఫోను, ఆ ఫోనులో ఖాలా దుకాణం. వచ్చిన చిక్కల్లా అదే.

ఖాలా అంటే ఫర్హీన్ తల్లికి అక్క, అజీజున్నీసా. మగ్గం పనిలో ఆమె చేతికి సాటి వచ్చే చెయ్యి పాతబస్తీలో ఇంకొకటి ఉందన్నవాళ్ళు ఉన్నారు గానీ, ఇంతవరకూ తెచ్చి చూపించినవాళ్ళు లేరు. నాలుగు కర్రల మగ్గానికి పట్టుగుడ్డ బిగించి, దాని ముందు నేలమీద కూర్చుని, కొక్కెం సూదితో జరీ పైకి లాగుతూ చిలకలనూ మామిడిపిందెలనూ పుట్టిస్తుంది. ఎన్నో ఏళ్ళు ఆ పని నయాపూల్ వ్యాపారుల పేర్ల మీద అమ్ముడుపోయింది. ఏ పెళ్ళికూతురికీ తన రవిక కుట్టిన మనిషెవరో తెలియదు. ఫర్హీన్ డిగ్రీ ముగించి, ఖాలా పేరునే దుకాణం పేరుగా పెట్టి ఆన్‌లైన్‌లో తెరిచాక గానీ ఆ పేరు గల్లీ దాటలేదు.

దుకాణం పేజీలో ఆ పేరు పక్కన ఒక్క మచ్చ లేదు. అమ్మేవాళ్ళ తప్పు వల్ల సరుకు చేరకపోతే పేరు పక్కన ఒక నల్లచుక్క పడుతుంది, కొనేవాళ్ళందరికీ కనపడుతుంది. అది పడకుండా ఫర్హీన్ కళ్ళలో వత్తులు వేసుకుని కాస్తూ వచ్చింది. ముప్పై ఏళ్ళు పేరే లేకుండా బతికిన మనిషికి పేరొచ్చింది కదా, దానికి మసి అంటనిస్తుందా?

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకు అన్నిటికంటే చేదు మాట "వస్తువు చేరలేదు". రంగు నచ్చలేదంటే మార్చవచ్చు, కొలత సరిపోలేదంటే విప్పి కుట్టవచ్చు. చేరలేదంటే ఏం చేస్తారు? పంపామని మనమంటాం, ఇచ్చామని తెచ్చినవాడంటాడు, రాలేదని కొన్నవాళ్ళంటారు. ముగ్గురిలో ఒకరు అబద్ధాలకోరు కాక తప్పదని ఫర్హీన్ లెక్క. ఆ లెక్కకు ఆధారమూ ఉంది. నిరుడు ఒకావిడ రవిక రాలేదని గోలపెట్టి, కొన్నాళ్ళకే అదే రవికతో పేరంటంలో దిగిన ఫొటో స్టేటస్‌లో పెట్టుకుంది. ఫర్హీన్ ఆ ఫొటో తెచ్చి ముక్కు దగ్గర పెడితే, అజీజున్నీసా కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"చేతుల కాడ మంచిగ కూసున్నది," అంది. "మెడ ఇంకింత దించాల్సుండె."

ఖాలా పద్ధతే వేరు. చేరలేదని ఎవరైనా అంటే ముందు ఫోను చేస్తుంది. పార్సిల్ ఊసెత్తదు. "ఇంట్ల అందరు మంచిగున్నరా బిడ్డా?" అని మొదలుపెడుతుంది. మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు, పక్కింటివాళ్ళతో మాటలున్నాయా, గేటు దగ్గర కుక్క ఉందా, ఇలా పోతుంది. ఆ మాటల్లోనే ఒక రవిక పక్కింటి ఫ్రిజ్ మీద తేలింది, ఇంకొకటి పెళ్ళిరోజున ఇద్దామని భర్త దాచిన బీరువాలో తేలింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. దొరకనివీ ఉన్నాయి, నిజమే. అప్పుడు ఖాలా మళ్ళీ మగ్గం ముందు కూర్చుని, సంగతి ఆన్‌లైన్ లెక్కల్లోకి ఎక్కకముందే ఇంకొకటి కుట్టి ఇస్తుంది తప్ప ఎవరినీ దొంగ అనదు.

ఆ పొద్దున ఫర్హీన్ మాదన్నపేట మార్కెట్‌లో టమాటాలు ఏరుతుంటే ఫోనుకు ఒక ఫిర్యాదు వచ్చిపడింది. కంచన్‌బాగ్ వైపు నుంచి భాగ్యశ్రీ అనే అమ్మాయి. పెళ్ళికూతురు. ఆమె రవిక ఖాలా ఎంత ఇష్టంగా కుట్టిందంటే, ముదురాకుపచ్చ పట్టు మీద వీపున రెండు చిలకలు ఎదురెదురుగా పెట్టి, ఒకదాని కన్ను నచ్చక విప్పి మళ్ళీ కుట్టింది. ఆ అమ్మాయి రాసింది: "రవిక రాలేదు. పెళ్ళికి పది రోజులు కూడా లేవు. ఇచ్చేశామని అబద్ధం పెట్టారు."

అబద్ధం అన్న మాట చూడగానే ఫర్హీన్ ఏరిన టమాటాలు బుట్టలోనే వదిలేసి ఇంటికొచ్చింది.

"ఖాలా, ఫొటో ఉన్నది! గడప కాడ పార్సిల్ పెట్టి ఫొటో తీసిండు. ఇంకేం గావాలె? జవాబియ్యనీకి కంపెనోళ్లు రేపు సాయంత్రం దాక టైమిచ్చిండ్రు. నేను ఇప్పుడే నొక్కుత."

నొక్కడానికి ఫోనులో మూడు బటన్లున్నాయి. మొదటిది "వాదిస్తాం". అది నొక్కి ఫొటో పెడితే గెలుపు దుకాణానిదే, ఆ అమ్మాయి మీద దొంగ ఫిర్యాదు చేసిందన్న ముద్ర పడుతుంది. రెండోది "చేరలేదని ఒప్పుకుంటున్నాం". అది నొక్కితే తప్పు తెచ్చినవాడి మీదకు పోతుంది. మూడోది "పొరపాటు మాదే, మళ్ళీ పంపుతాం". దాన్ని ఇంతవరకూ ఏ దుకాణంవాడూ నొక్కి ఉండడు. ఎవరి నెత్తిన వాళ్ళు నల్లచుక్క పెట్టుకుంటారా?

"ఆగు," అంది ఖాలా. సూది గుడ్డకు గుచ్చి, ఫోను అందుకుంది.

భాగ్యశ్రీ ఏడుస్తూనే మాట్లాడింది. తల్లి చిన్నప్పుడే పోయింది, పెంచింది నాయనమ్మ. "మా నాయనమ్మ ఇంట్లనే ఉంటది ఆంటీ. నేను ఫోన్ల అడిగితే ఏం రాలే బిడ్డా అన్నది. ఆమె నాతోని ఎన్నడు జూట మాట చెప్పలే."

"ఫోన్ల అడిగినవా? నువ్వు ఇంట్ల లేవా బిడ్డా?"

"లేను. ఉప్పల్ల మా చిన్నమ్మింట్ల ఉన్న."

"పెండ్లి పెట్టుకొని ఇల్లిడిసి పోయినవేంది?"

"గట్లనే, ఆంటీ," అని ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నానికి గుమ్మం ముందు ఒక స్కూటర్ ఆగింది. దిగినవాడు అంజన్న. కంచన్‌బాగ్ గల్లీల్లో పార్సిళ్ళు పంచేది అతనే. ఫిర్యాదు సంగతి అతనికీ చేరింది, తన ఫోనులో ఉన్న దుకాణం అడ్రసు పట్టుకుని వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, పెట్టిన. నా పిల్లల మీద ఒట్టు, పెట్టిన. నా మీద ఇంతకుముందే ఒక కంప్లైంటున్నది. ఇంకోటి వడ్తే ఐడీ బంద్ జేస్తరు. ఒకసారి బంద్ అయినోన్ని ఇంకే కంపెనోడు తీస్కోడు. దొంగ అంటరు."

"కోడ్ ఎందుకు తీస్కోలే?" ఫర్హీన్ గద్దించింది. సరుకు ఇచ్చినప్పుడు కొన్నవాళ్ళ ఫోనుకు వచ్చే నాలుగంకెలు అడగాలి, అదీ నియమం. అంజన్న అది అడక్కుండానే ఫొటో పెట్టి వచ్చేశాడు.

"తలుపు కాడ నిలవడి పిలిచిన అక్కా. లోపల్నించి ముసలామె, గాడనే పెట్టు బిడ్డా, దగ్గరికి రాకు అన్నది. పెట్టి ఒచ్చిన."

"రాకు అంటే? కోడ్ అడిగితే నోరు అరిగిపోతదా?"

అంజన్న తల గోక్కున్నాడు. ఈలోగా అజీజున్నీసా ఆ ఫొటోనే చూస్తోంది. రెండు వేళ్ళతో పెద్దది చేసి, పార్సిల్‌ను వదిలేసి, పైకి జరిపింది. గడపకు పైన ఆకుల గుత్తి ఒకటి సగం కనపడుతోంది. ఫర్హీన్ ఆ ఫొటోను పొద్దున్నుంచీ చూస్తూనే ఉంది, పెళ్ళిల్లు కదా మామిడాకులు కట్టారనుకుంది.

"అంజన్నా, గివి వేపమండలేనా?"

"అవునమ్మా. తల్లి పోసిన ఇల్లు." గొంతు తగ్గించి చెప్పాడు. "గసొంటి ఇంటి ముంగట నిలవడి కోడు గీడు అని లొల్లి జేస్తమా? దండం వెట్టుకొని ఒచ్చిన."

అజీజున్నీసా మెల్లగా తలాడించింది. ఫోను పక్కన పెట్టి, "బేటా, ఇయ్యాల ఏ బటన్ నొక్కకు. రేపు పొద్దుగాల పోదాం," అంది.

"యాడికి?"

"గడప కాడికి. ఇంట్ల రేపు గోష్ గుడ్డు ఏం వండొద్దని మీ అమ్మీకి చెప్పు."

అమ్మవారు పోయడం అంటే డాక్టర్లు చికెన్‌పాక్స్ అనే జబ్బు. ఒంటి నిండా పొక్కులు. ఫర్హీన్‌కు జబ్బు తెలుసు, ఆ ఇంటి మర్యాద తెలియదు. రాత్రి రొట్టెలు చేస్తూ ఖాలా చెప్పింది. తన చిన్నప్పుడు పక్కింట్లో అమ్మవారు పోస్తే, తన తల్లి ఇక్కడ బఘార్, అంటే తాలింపు, మానేసేదట. ఆ ఇంట్లో తాలింపు పెట్టకూడదు, మన తాలింపు వాసన గోడ దాటి పోకూడదని. అమ్మవారు దిగి, జబ్బు మనిషికి స్నానం పోసేదాకా వీళ్ళూ చప్పటి పప్పే తిన్నారట. "మా అబ్బా మస్తు గుస్స చేసేటోడు. మా అమ్మీ ఇనేది కాదు," అని నవ్వింది.

మర్నాడు ఖాలా రోజూ చెవి వెనక రాసుకునే అత్తరు రాసుకోలేదు. దారిలో ఆటో ఆపించి నాలుగు కొబ్బరి బొండాలు కొంది. ఫర్హీన్ ఆటోలో దారి పొడవునా ఏం అడగాలో కూడబలుక్కుంటూ కూర్చుంది. పోలీసులు కూడా అన్ని ప్రశ్నలు సిద్ధం చేసుకుని పోరు.

కంచన్‌బాగ్ ఫ్యాక్టరీల గోడ వెనక గల్లీ. చిన్న ఇల్లు, ముందు కొంచెం వాకిలి. గుమ్మానికి వాడిన వేపమండల పక్కనే కొత్తవి కట్టి ఉన్నాయి. అజీజున్నీసా వాకిట్లో ఒక బండరాయి మీద కూర్చుని, బొండాలు పక్కన పెట్టి, ఎవరినీ పిలవలేదు. దగ్గింది, అంతే.

లోపలినుంచి డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి వచ్చి గడప అవతల నిలబడింది. ఆగమ్మ, భాగ్యశ్రీ నాయనమ్మ. "ఎవరమ్మా? లోపటికి రావొద్దు."

"ఎరుకే అక్కా. అందుకే బయటనే కూసున్న. ఎవరికి పోసింది?"

"నా కొడుక్కు. ఆనందరావుకు." ఆగమ్మ తల లోపలికి తిప్పింది. "ఫ్యాక్టరీల గంత పెద్ద మిషన్ తిప్పేటోడు, వేపాకుల మీద పసిపిలగాని లెక్క పండుకున్నడు. ఇయ్యాల కొంచెం నయం."

"గీ బొండాలు తాపు. సల్ల జేస్తయి."

ఫర్హీన్ గొంతు సవరించుకుని, "అవ్వా, మీ ఇంటికి ఒక పార్స..." అనేలోపు ఖాలా ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది. ఫర్హీన్ నోరు మూసుకుంది. అజీజున్నీసా పక్కింటి సంగతి చెప్పింది, చప్పటి పప్పు సంగతి చెప్పింది, తండ్రి కోపం సంగతి చెప్పింది. ఆగమ్మ ముందు నిలబడి విన్నది, తర్వాత గడప లోపల చతికిలబడి విన్నది. మీ అమ్మ మంచి మనిషి అన్నది. కాసేపటికి, "యాడి దానివి చెల్లే? ఏం పని జేస్తవు?" అని అడిగింది.

"మాదన్నపేట. మగ్గం పని. నీ మనుమరాలి రవిక నేనే కుట్టిన అక్కా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆగమ్మ కళ్ళు వాకిలి మూలకు పోయాయి. ఆ మూలలో కోళ్ళను మూసే గంప బోర్లించి ఉంది. దాని మీద పాత తిరగలి రాయి బరువుగా పెట్టి ఉంది. కోడి చప్పుడు మాత్రం లేదు. ఫర్హీన్ లేవబోయింది. ఖాలా ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"గీ దినాలు వానలు పడ్తున్నయి," అంది అజీజున్నీసా, గంప వైపు చూడకుండా. "తడువకుంట ఉంటే సాలు. నాకింకేం అక్కర లేదు."

ఆగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తల్లి లేని పిల్ల చెల్లే. దానికెన్నడు అమ్మ పొయ్యలే. గందుకే ఉప్పల్ తోలిన. రవిక ఒచ్చిందంటే ఆగుతదా? తొడుక్కొని సూస్తనని ఉరికొస్తది. మొకం నిండ పొక్కులతోని పీటల మీద కూసుంటదా? తల్లి ఉన్న ఇంట్లకు పెండ్లి బట్ట తేవొద్దు, తల్లి ఉన్న ఇంట్లకెళ్లి ఏదీ బయటికి ఇయ్యొద్దు. యాడ పెట్టాలె మరి? కోళ్లు లేవు కదాని గంప కింద పెట్టిన. పొద్దుమాపు ఎత్తి సూస్తనే ఉన్న. పిల్ల ఫోన్ జేసి అడిగితే రాలేదన్న. దానితోని నేను జెప్పిన మొదటి అబద్ధం గదే."

ఫర్హీన్ నిన్నటినుంచీ వెతుకుతున్న అబద్ధాలకోరు దొరికింది. తీరా దొరికాక ఏం చేయాలో ఆమెకు తోచలేదు. కూడబలుక్కున్న ప్రశ్నల్లో ఒక్కటీ ఆ ముసలిదాని ముందు పెట్టడానికి పనికి రాలేదు.

అంజన్న సంగతి అజీజున్నీసా చాలా మెత్తగా చెప్పింది. అయినా ఆగమ్మ నుదురు కొట్టుకుంది. "నా నోట్ల మన్ను వడ! ఎవరి పిలగానిదో బువ్వ తీసేటట్టు అయిన్నా? ఇప్పుడే జెప్తా, ఫోన్ కలుపు బిడ్డా."

"ఇప్పుడు చెప్తే ఉరికొస్తదని నువ్వే అంటివి గదా అక్కా. స్నానం ఎప్పుడు?"

"బేస్తారం."

"బేస్తారం నాడు నేనే ఒచ్చి తీస్కపోత. మళ్లా కొత్తగ కవర్ జేసి మీ పిల్ల చేతుల పెడ్త. నీ మాట నీకాడనే ఉంటది."

"మరి గా పిలగాడు?"

"గది నాకు ఇడిసిపెట్టు."

ఆటో ఎక్కగానే ఫర్హీన్‌కు నోరొచ్చింది. ఏం విడిచిపెట్టడం? గురువారం దాకా ఫిర్యాదు ఆగదు, ఈ సాయంత్రంతో గడువు అయిపోతుంది. వాదిస్తే పెళ్ళికూతురు దొంగ, ఒప్పుకుంటే అంజన్న దొంగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మూడోది ఉన్నది గదా," అంది ఖాలా.

"ఖాలా! అది నొక్కితే నీ పేరు పక్కన చుక్క పడ్తది. మనం చెయ్యని తప్పుకు! సీజన్ల కొనెటోళ్లు చుక్క చూసి పక్క దుకాణానికి పోతరు. గింత పేరు ఒచ్చేదానికి నువ్వు ఎన్నేండ్లు కూసున్నవు మగ్గం ముంగట?"

అజీజున్నీసాకు మాత్రం పేరు చేదా? మొదటిసారి ఎవరో పెళ్ళికూతురు ఫోను చేసి "అజీజున్నీసా గారేనా?" అని అడిగినరోజు ఆమె ఆ పూటంతా సూది పట్టలేకపోయింది. అది ఫర్హీన్ కళ్ళారా చూసింది.

"ఆ పిల్లది అబద్ధం కాదు," అంది ఖాలా. "అంజన్నది అబద్ధం కాదు. అక్కది అబద్ధమే, గాని తప్పు కాదు. ఇంకెవరు మిగిలిండ్రు బేటా? మనమే."

ఫోను తీసుకుని మూడో బటన్ మీద వేలు పెట్టింది. ఏమీ కాలేదు. మళ్ళీ పెట్టింది. ఇన్నేళ్ళు సూది మొనలు తిని కాయకట్టిపోయిన ఆ వేలికొసను ఫోను గుర్తుపట్టలేదు. ఇంకోసారి గట్టిగా అదిమి, చిన్నపిల్లలా ఫర్హీన్ వైపు చూసింది. ఫర్హీన్‌కు కోపం, ఏడుపు, ఇంకేదో పేరు తెలియనిది అన్నీ కలిసి వచ్చాయి. ఆ వేలిని పట్టుకుని పక్కకు జరిపి, తన వేలితో తానే నొక్కింది.

సాయంత్రానికి అంజన్న ఫోను చేశాడు, తన మీది ఫిర్యాదు తీసేశారని, ఎట్లా తీసేశారో తెలియదని, దేవుడు చల్లగా చూస్తాడని. ఫర్హీన్ సరే అన్నది. దుకాణం పేజీ తెరిస్తే ఖాలా పేరు పక్కన నల్లచుక్క కూర్చుని ఉంది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

గురువారం ఆగమ్మ కొడుక్కు స్నానం పోసి, ఇల్లు కడిగి, గంప ఎత్తి పార్సిల్‌ను రెండు చేతులతో ఇచ్చింది. వానకు కవరు ఒక మూల నాని చినిగింది గానీ రవిక పొడిగానే ఉంది. ఇంటికి తెచ్చి ఫర్హీన్ దాన్ని మడత విప్పింది. వీపు మీద రెండు చిలకలు. ఒక చిలక రెక్క దగ్గర, జరీ పోగుల మధ్య, చిన్న గోధుమరంగు కోడి ఈక చిక్కుకుని ఉంది. ఫర్హీన్ దాన్ని జాగ్రత్తగా లాగింది. పారేయలేదు. చున్నీ కొసన ముడివేసుకుంది. అవసరం పడితే చూపిస్తాననుకుంది. ఖాలాకు చెప్పలేదు.

శనివారం ఇద్దరూ కొత్త పార్సిల్‌తో కంచన్‌బాగ్ వెళ్ళారు. వేపమండలు తీసేశారు, ఈసారి నిజంగానే మామిడాకులు. భాగ్యశ్రీ ఇంటికి వచ్చేసింది. కుర్చీలో బరువైన నగలతో ఒకావిడ కూర్చుని ఉంది, పెళ్ళికొడుకు శ్రవణ్‌కుమార్ తల్లి సుగుణమ్మ. చీరలు చూసుకోవడానికి వచ్చింది. ఆనందరావు గోడకానుకుని నీరసంగా నవ్వాడు. ఆగమ్మ లోపల నీళ్ళు ముంచుతోంది.

భాగ్యశ్రీ కవరు విప్పి, చిలకలను చూసి, వాటి రెక్కలను వేళ్ళతో తడిమింది. కళ్ళు నిండాయి. అంతటితో అయిపోతే బాగుండేది. సుగుణమ్మ ఊరుకునే రకం కాదు.

"ఇప్పుడు తెచ్చిండ్రా?" అంది. "పిల్ల వారం దినాలు ఏడ్సింది. మేము పెట్టిన చీర మీదికి రవిక లేకపాయె. ఇచ్చినమని ఫోన్ల రాసుడు, ఇయ్యకపోవుడు. గిట్లనేనా దుకాణం నడిపేది? చేతకాకపోతే బంద్ చేసుకోవాలె. ఆ పేరు పక్కన నల్లచుక్క చూసిన, ఊరికెనే పెట్టలే గది."

ఫర్హీన్ ముక్కు మీదికి రావలసినది వచ్చేసింది. చెయ్యి దానంతటదే చున్నీ కొసకు పోయింది. వేళ్ళకు ముడి తగిలింది. ఒక్క ఈక, అంతే. ఈక చూపించి గంప చూపిస్తే చాలు, ఖాలా పేరు ముత్యంలా మెరుస్తుంది.

అప్పుడే ఆగమ్మ చెంబుతో గడప దగ్గరకు వచ్చింది. సుగుణమ్మ మాటలన్నీ విన్నది. చెంబులో నీళ్ళు తొణికి పాదాల మీద పడుతున్నాయి. నోరు తెరిచింది. "అమ్మా, గది..."

"పొరపాటు మాదే ఆంటీ," అంది ఫర్హీన్, గట్టిగా, ఆగమ్మ మాట మీద నుంచి. గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. "పంపుడుల మేమే గడ్‌బడ్ చేసినం. మాఫ్ చెయ్యున్రి. అవ్వా, మస్తు దూపయితుంది, నీళ్లు ఇస్తవా?"

అజీజున్నీసా తల తిప్పి చెల్లెలి కూతురిని చూసింది. ఎన్ని రవికలు బాగా కుదిరినా ఆ మొహంలో అంత సంతోషం ఫర్హీన్ ఎన్నడూ చూడలేదు.

ఆగమ్మ వచ్చి చెంబు ఇచ్చింది. ఫర్హీన్ తాగుతుంటే పోలేదు, అక్కడే నిలబడింది. తర్వాత రెండు చేతులూ ఫర్హీన్ చెంపల మీదుగా తిప్పి, తన కణతలకు ఆనించుకుని పటపటా మెటికలు విరిచింది. ఫర్హీన్ ఇంట్లో నజర్ అనే దిష్టిని ఆ ముసలామె ఎందుకు తీస్తోందో సుగుణమ్మకు అర్థం కాలేదు. భాగ్యశ్రీ మాత్రం నాయనమ్మనూ ఫర్హీన్‌నూ మార్చి మార్చి చూసి, ఏమీ అడక్కుండా రవికను గుండెలకు హత్తుకుంది.

తిరుగుదారిలో ఆటో కదిలాక ఫర్హీన్ చున్నీ ముడి విప్పింది. ఈకను గాలి తీసుకుపోయింది. ఖాలా చూసింది, ఏమిటని అడగలేదు.

పెళ్ళయిపోయిన వారానికి అంజన్న వచ్చాడు. ఆ గల్లీలో పార్సిల్ ఇవ్వబోతే ఆగమ్మే అతన్ని పిలిచి అంతా చెప్పేసిందట. తన సంచీ కింద పెట్టి, ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పేజీలో ఖాలా పేరు, దాని పక్కన చుక్క.

"అక్కా, గిది నా కోసం పెట్టుకున్నరట గదా. నేను పెద్దసారుకు జరిగింది జెప్పి రాసిస్తా. అప్పీల్ జేస్తే తీసేస్తరు."

మగ్గం ముందు ఖాలా తల ఎత్తలేదు. సూది ఆగింది, అంతే. జవాబు ఎవరిదో ఆమెకు తెలుసు.

ఫర్హీన్ ఆ చుక్కను చూసింది. ఇన్నాళ్ళూ అది కనపడినప్పుడల్లా కోపం వేళ్ళలోకి దిగేది. ఇప్పుడు ఆగమ్మ మెటికల చప్పుడు వినపడింది.

"ఉండనీ అన్నా," అంది. "మా ఖాలా పేరు మస్తు తెల్లగున్నది. నజర్ తగులొద్దని పెట్టినం."